మంగళవారం కాఫీ

ఆ గులాబీ పువ్వు పెట్టింది నేనే. ఎవరో పెట్టమన్నారు, ఎవరో పెట్టారు అని ఇన్నేళ్ళూ దాటవేస్తూ వచ్చాను గాని, మా ఊరు దైర్ సుమ్మాక్‌లో అచ్చు యంత్రం ఉన్నది నా ఒక్కడికే. ఊరి శుభలేఖలు, చావు కబుర్లు, ఎన్నికల పోస్టర్లు అన్నీ నా చేతిమీదుగానే గోడలెక్కాలి. ఇంకొకరి మీదికి నెట్టడానికి కూడా లేదు.

నా పేరు రాగిబ్. ఊళ్ళో మాత్రం అందరూ అబూ హసన్ అంటారు, అంటే హసన్ తండ్రి అని. నాకు ముగ్గురూ ఆడపిల్లలే. హసన్ అనేవాడు పుట్టనే లేదు. కొడుకు లేని మనిషిని ఒట్టి పేరుతో పిలవడం మర్యాద కాదని మావాళ్ళు లేని కొడుకుని కూడా ఇచ్చి గౌరవిస్తారు. లేని మగవాడి పేరు నోరారా పిలిచి, ఉన్న ఆడదాని పేరు నోట్లోనే మింగేసే ఊరు మాది. అందులో నేనేమీ తక్కువ తినలేదు.

వస్ఫియా మా ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. ఊరంతా మిస్ అనే పిలిచేవారు. పై వాడలో, తమ్ముడు నాయిఫ్ ఇంట్లో ఒక గది ఆమెది. తండ్రి పోయిననాటికి ఆ తమ్ముడు చిన్నవాడు, పెంచింది ఆమే. వాడికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక ఆక్రమణ సైనికులు పట్టుకుపోయి ఆరేళ్ళు జైల్లో పెట్టారు. ఆ ఆరేళ్ళూ మరదలికీ పిల్లలకీ ఆమె జీతమే ఆధారం. రెండు సంబంధాలు వచ్చాయి. "వీడు రానీ, చూద్దాం" అంది. వీడు వచ్చాడు గాని సంబంధాలు మళ్ళీ రాలేదు. దాని గురించి ఆమె ఎవరి దగ్గరా ఒక్క మాట అనగా నేను వినలేదు.

ఆమెకి నలభై ఆరేళ్ళప్పుడు ఊరి పంచాయతీకి ఎన్నికలొచ్చాయి. ప్రతి జాబితాలోనూ ఒక ఆడమనిషి ఉండి తీరాలని కొత్త చట్టం. పై వాడ పెద్దలు దివాన్‌లో కూర్చుని తల పట్టుకున్నారు. దివాన్ అంటే వాడ మగవాళ్ళందరిదీ కలిపి ఒక పెద్ద గది. పెళ్ళి మాటైనా, తగువైనా, ఓటైనా అక్కడే తేలాలి. ఆడవాళ్ళు గడప తొక్కరు. అబూ సఖర్ అని, ఆ గదిలో పెద్ద దిండు ఆయనదే, చివరికి ఆయన అన్నాడు:

"నాయిఫ్ అక్క లేదూ? మొగుడు లేడు అడ్డు చెప్పడానికి. పిల్లల్లేరు ఏడవడానికి. చదువుకున్న మనిషి, సంతకం గుండ్రంగా పెడుతుంది. ఇంకేం కావాలి మనకి?"

కూరలో కరివేపాకు దొరికిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పోస్టరుకి రాతప్రతి నాకు వచ్చింది. తొమ్మిది గళ్ళు, ఎనిమిది ఫోటోలు. తొమ్మిదో గడిలో పువ్వు వెయ్యమన్నారు. దాని కింద "నాయిఫ్ గారి అక్క" అని. నేను శుభలేఖల అచ్చుల్లోంచి ఒక గులాబీని ఏరి వేశాను. మంచి ఎరుపు కుదిరిందని మురిసిపోయాను కూడా.

గోడలకి అంటించిన మర్నాడు బడి వదిలాక ఆమె నా దుకాణానికి వచ్చింది. చేతిలో పోస్టరు.

"అబూ హసన్, ఈ తొమ్మిదో మనిషి ఎవరు?"

"మీరే మిస్."

"నేను ఇంత ఎర్రగా ఎప్పుడున్నాను?"

నేను నేల చూపులు చూశాను. "పెద్దలు వెయ్యమన్నారు మిస్. ఆడవాళ్ళ మొహం గోడల మీద ఎందుకులే అని..."

"గులాబీ అన్నారా?"

"పువ్వు అన్నారు. గులాబీ నేనే ఎంచాను."

"కింద నాకు పేరు లేదే."

"అది వాళ్ళు రాసిచ్చిందే వేశాను."

ఆమె సంచిలోంచి చిన్న ఫోటో ఒకటి తీసి బల్లమీద పెట్టింది. తెల్ల ముసుగు, నిటారు చూపు. బడి పిల్లలు ఆ చూపుకి భయపడి ఎక్కాలు నేర్చుకున్నారు.

"ఇది అచ్చెయ్యడానికి మీ యంత్రానికేమన్నా ఇబ్బందా?"

"యంత్రానికేముంది మిస్. మీ తమ్ముడు ఒక్క మాట చెబితే..."

"అయితే యంత్రమే నయం," అంది. ఫోటో వెనక్కి తీసుకోలేదు. "ఉంచండి. ఎప్పటికైనా పనికొస్తుంది."

దాన్ని డ్రాయర్లో పడేశాను. ఆ తర్వాత కత్తెర కోసం ఆ డ్రాయరు తెరిచినప్పుడల్లా ఆ మొహం నన్ను లెక్క అడిగేది.

జాబితా గెలిచింది. మంగళవారం పొద్దున పది గంటలకి పంచాయతీ సమావేశం అని చట్టప్రకారం నిర్ణయించారు. పంచాయతీ ఆఫీసు నా దుకాణానికి ఎదురుగానే, కిటికీలోంచి లోపలి బల్ల కనిపిస్తుంది. మొదటి మంగళవారం ఆమె బడిలో పర్మిషన్ తీసుకుని తొమ్మిదిన్నరకే వచ్చింది. ఇంటినుంచి వేయించిన కాఫీ గింజలు తెచ్చి, ఏలకులు కొట్టి వేసి, మూలనున్న గ్యాసు పొయ్యి మీద మాకు అలవాటైన చేదు కాఫీ కాచింది. ఇత్తడి కూజాలో పోసి, పిడిలేని చిన్న కప్పులు తొమ్మిది బల్లమీద సర్దింది. పదయింది. పదకొండయింది. గుమాస్తా జుహ్దీ తప్ప ఎవరూ రాలేదు.

ఎలా వస్తారు? సాయంత్రం నమాజు తర్వాత దివాన్‌లో అన్నీ తేలిపోతున్నాయి. జుహ్దీ మినిట్స్ పుస్తకం పట్టుకుని ఆమె దగ్గరికి సంతకానికి వెళ్ళాడు.

"నేను లేని మీటింగులో నా సంతకం ఎలా ఉంటుంది జుహ్దీ?"

"అందరూ పెట్టారు మిస్."

"వాళ్ళు లేని మీటింగు నేను పొద్దున పెట్టాను. దాంట్లో వాళ్ళ సంతకాలు పట్టుకురా, దీంట్లో నేను పెడతా."

జుహ్దీ ఆ మాట దివాన్‌లో చెబితే అందరూ పగలబడి నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను. నేనూ నవ్వాను.

అలా మొదలైంది. ప్రతి మంగళవారం ఆమె వచ్చేది, కాఫీ కాచేది, తొమ్మిది కప్పులు పెట్టేది, ఒంటిగంట దాకా ఆ పొడుగాటి బల్ల చివర ఒక్కతే కూర్చునేది. పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకునేది. చలికాలం శాలువా కప్పుకుని రొట్టెముక్క ఆలివ్ నూనెలో అద్దుకుని తినేది. ఒంటిగంటకి జుహ్దీ చల్లారిన కాఫీని కిటికీలోంచి నిమ్మచెట్టు మొదట్లో పోసేవాడు. మా ఊళ్ళో అందరికంటే ఎక్కువ కాఫీ తాగింది ఆ నిమ్మచెట్టే.

అయితే పెద్దలు ఒక సంగతి మర్చిపోయారు. ఖాళీ గదిలో వారం వారం ఒకే మనిషి కనిపిస్తుంటే జనం ఆ మనిషినే పంచాయతీ అనుకుంటారు. మొదట కింది వాడ నుంచి ఉమ్ ఫఖ్రీ, అంటే ఫఖ్రీ తల్లి, వచ్చింది. ఒక కాలు గడప లోపల, ఒకటి బయట.

"మిస్, మా కుళాయిలో నీళ్ళొచ్చి పద్నాలుగు రోజులు. పై వాడలో నిన్న మెట్లు కడిగారు. నేను నా కళ్ళతో చూశా."

"కూర్చో, కాఫీ తాగు."

"అమ్మో, పొయ్యి మీద కూరుంది. నీళ్ళ సంగతి చూడు తల్లీ."

ఆ తర్వాత ఇంకొకామె, మరొకామె. అందరికీ పొయ్యి మీద కూరే. చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోయేవారు, కూర్చునేవారు కాదు. ఆమె దగ్గర కూర్చుంటే ఇంటి మగవాళ్ళు ఏమంటారోనని. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ గుంపులోకి ఆమె వెళితే మాటలు సన్నగిల్లేవి. మగవాళ్ళు ఎలాగూ మాట్లాడరు. అటూ ఇటూ కాని మనిషిని చేసి పెట్టాం ఆమెని.

నీళ్ళు మాకు పై అధికారులు వదిలితేనే వస్తాయి, ఎండాకాలం రెండు వారాలకోసారి. ఊళ్ళో గొట్టం మర తిప్పే చెయ్యి అబూ సఖర్ మేనల్లుడిది. ఆమె లెక్కల మనిషి కదా, ఇళ్ళు లెక్కపెట్టి, గంటలు లెక్కపెట్టి, ఏ వీధికి ఏ రోజు ఎన్ని గంటలో ఒక పట్టీ తయారుచేసి నా దగ్గర అచ్చు వేయించింది. కింద చిన్న అక్షరాల్లో "పంచాయతీ సభ్యురాలు వస్ఫియా" అని. గోడ మీద ఆమె పేరు పడటం అదే మొదలు. మర్నాటికి ఎవరో ఆ పేరు మటుకు మేకుతో గీకేశారు. నీళ్ళ వేళలు ఉంచుకున్నారు. కింది వాడ వాళ్ళు ఆ పట్టీ చేత్తో పట్టుకుని గొట్టం దగ్గర కాపలా కూర్చోవడంతో మేనల్లుడి ఆట కట్టింది. సొంత వాడకే ద్రోహం చేసిందని పై వాడలో ఆమె పేరు మొదటిసారి అందరి నోటా వినబడింది.

ఏడేళ్ళకి మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఈసారి తనే ఒక జాబితా పెడతానంది, మొదటి పేరు తనదిగా. సొంత పేరు, సొంత మొహం. ఊరు అట్టుడికిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం నమాజయ్యాక అబూ సఖర్ నా దుకాణం ముందు ఆగాడు. "పద అబూ హసన్, నాయిఫ్ ఇంటికి. పదకొండో మనిషివి నువ్వు. పదకొండు మంది వెళితే పని జరుగుతుంది."

"నేనెందుకు హాజీ, నాకు అచ్చు పని..."

"కూర్చోడానికి అచ్చు రావాలేమిటి? పద."

వెళ్ళాను. అడకత్తెరలో పోకచెక్కనని నాకు తెలుసు, అయినా వెళ్ళాను.

మా దగ్గర పెద్దమనుషులు ఒక ఇంటికి ఏదైనా అడగడానికి వెళితే, ఇచ్చిన కాఫీ తాగకుండా ముందు పెట్టుకుంటారు. "తాగండి" అని ఇంటాయన అంటే అడిగింది ఇచ్చినట్టే. అనకపోతే కాఫీ అక్కడే చల్లారిపోతుంది, ఆ ఇంటి పరువు దానితో పాటు పోతుంది. పదకొండు కప్పులు వరసగా నాయిఫ్ ముందు పెట్టాం. కాఫీ ఘుమఘుమలాడుతోంది. కాచింది ఎవరో అందరికీ తెలుసు. వంటింటి తలుపు ఓరగా వేసి ఉంది.

"నాయిఫ్," అన్నాడు అబూ సఖర్, "జైల్లో ఆరేళ్ళుండి తలవంచని మగాడివి. నీ గడప తొక్కాం. మీ అక్క పేరు వెనక్కి తీసుకోవాలి. రేపు మధ్యాహ్నం దాకా గడువుంది. వాడ విడిపోకుండా నిలబెట్టు. మా కాఫీ నీ చేతిలో ఉంది."

నాయిఫ్ కప్పుల వైపు చూశాడు. తలుపు వైపు చూడబోయి ఆగాడు. నుదుటి మీద చెమట తుడుచుకుని అన్నాడు, "తాగండి."

తాగాం. నేనూ తాగాను. ఇక చాలని కప్పులు అటూ ఇటూ ఊపి కింద పెట్టాం. అప్పుడు వస్ఫియా పళ్ళెం పట్టుకుని వచ్చింది. పదకొండు కప్పులూ ఒక్కొక్కటే తీసి, అడుగు చూసి, పళ్ళెంలో పెట్టుకుంది. "అందరూ తాగారు," అని తనలో తను అనుకున్నట్టు అని లోపలికి వెళ్ళిపోయింది. పీడా వదిలిందనుకుని మేము లేచాం.

మర్నాడు పొద్దున నా దుకాణం ఇంకా పూర్తిగా తెరవకముందే వచ్చింది.

"డ్రాయర్లో నా ఫోటో ఉందా?"

"మిస్, నిన్న మీ తమ్ముడు మాటిచ్చాడు."

"ఇచ్చాడు. వాడి మాట వాడిచ్చాడు. నా పేరు నా దగ్గరే ఉంది."

"మరి ఆయన పరువు?"

ఆమె స్టూలు మీద కూర్చుంది. అంతకుముందు ఎప్పుడూ నా దుకాణంలో కూర్చోలేదు. "నిన్నట్నుంచీ అదే లెక్క చేస్తున్నా అబూ హసన్. ఎలా చేసినా ఒకటి తక్కువే వస్తోంది. పదకొండు మంది వచ్చారు. వంటింటి తలుపు నాలుగడుగులు. ఒక్కరంటే ఒక్కరు అటు తిరిగి, వస్ఫియా, నువ్వేమంటావు అని అడగలేదు. మీరూ అడగలేదు."

నేను బల్లమీది కాగితాలు సర్దాను.

"వీళ్ళంతా సరే. వాడు అడిగుంటే ఇచ్చేసేదాన్ని. వాడేం అడిగినా ఎప్పుడు కాదన్నాను? తలుపు తోసి, అక్కా అంటే చాలు. వాడూ అడగలేదు."

కళ్ళు తుడుచుకోలేదు, తడి కాలేదు కూడా. ఆమె ఏడిస్తే నాకు సులువయ్యేది.

డ్రాయరు తీశాను. "ఏడేళ్ళ నాటిది మిస్. ఇప్పటిది ఒకటి తీయిద్దాం."

"అదే వెయ్యండి. అప్పుడు పడాల్సింది."

వేశాను. ధైర్యం వచ్చి కాదు, ఆ డ్రాయర్లో మొహాన్ని ఇక చూడలేక. పోస్టరు కింద అచ్చువేసినవాడి పేరు వెయ్యడం నాకు మామూలు. దానికి మటుకు వెయ్యలేదు. ఆమె పేరు పెద్దక్షరాల్లో వేసి నా పేరు దాచుకున్నాను. ఊళ్ళో ఉన్నది ఒకే యంత్రమని నాకు అప్పుడు గుర్తురాలేదు.

తొమ్మిది స్థానాల్లో పై వాడకి మూడు, కింది వాడకి మూడు, ఆమె జాబితాకి మూడు. పై వాడ మీది కసితో కింది వాడ వాళ్ళు ఆమెని అధ్యక్షురాలిని చేశారు. ప్రేమతో చేశారని ఆమె కూడా అనుకోలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. వస్ఫియా రచ్చ గెలిచి ఇల్లు ఓడింది. నాయిఫ్ ఆమెని పొమ్మనలేదు, అరవలేదు. మాట్లాడటం మానేశాడు. ఆమె తినడం అయ్యాక తినేవాడు. ఏడో రోజున ఆమె బట్టల మూట, లెక్కల పుస్తకాలు తీసుకుని, కింది వాడ చివర చనిపోయిన మేనత్త ఒంటిగది ఇంటికి వెళ్ళిపోయింది. నాయిఫ్‌కి కూడా ఒరిగిందేమీ లేదు. ఇంట్లో మాట చెల్లనివాడికి దివాన్‌లో చోటేమిటని మొహమ్మీదే అన్నారు. అతనూ అటు వెళ్ళడం మానేసి, తన ఇంటి అరుగు మీద రోడ్డుకి మొహం పెట్టుకుని కూర్చునేవాడు. ఆమె ఆ దారిన వస్తుంటే గోడ వైపు తిరిగేవాడు.

ఇప్పుడు మంగళవారం పదిగంటలకి సభ్యులు వచ్చేవారు. ముద్ర ఆమె దగ్గరుంది కాబట్టి రాక తప్పదు. ఆమె పాత పద్ధతిలోనే కాఫీ కాచి తొమ్మిది కప్పుల్లో పోసేది. ఎవరూ తాగేవారు కాదు. ఆ రోజు నాయిఫ్ ఇంట్లో తాగిన కాఫీ వమ్మయిపోయింది కదా, ఆమె చేతి కాఫీకి ఇక మాట లేదని పై వాడ వాళ్ళు తాగలేదు. పై వాడ తాగనిది మేమెలా తాగుతామని కింది వాడ వాళ్ళు. గొట్టాలు మార్చడం, బడికి ప్రహరీ, దవాఖానా గదికి పైకప్పు, అన్నీ ఆ బల్ల దగ్గరే జరిగాయి. తొమ్మిది నిండు కప్పుల మధ్య జరిగాయి. తర్వాత జుహ్దీ కిటికీ తీసేవాడు.

నేను అచ్చుపని మీద వెళితే నాకూ పోసేది.

"వద్దు మిస్, నాకు షుగరొచ్చింది."

"చేదు కాఫీ ఇది. చక్కెర ఎక్కడుంది ఇందులో?"

"డాక్టరు వద్దన్నాడు మిస్."

"ఏ డాక్టరు? అబూ సఖరా?" అనేది. నవ్వుతూనే అనేది. నేను కప్పు పక్కకి జరిపేవాణ్ణి. ఆ పదకొండు మందిలో నేనూ ఒకణ్ణి మరి.

అన్నిటికన్నా పండగలు చూడలేకపోయేవాణ్ణి. పండగ నమాజు అవగానే మగవాళ్ళు అక్కచెల్లెళ్ళ ఇళ్ళకి, మేనత్తల ఇళ్ళకి వెళ్ళి పలకరించి, చేతిలో ఏదో పెట్టి రావడం మాకు తప్పని పని. ముసలివాళ్ళు కూడా కర్ర పట్టుకుని వెళతారు. ఆమె తెల్లవారకముందే ఖర్జూరం కూరిన బిస్కెట్లు చేసి, పళ్ళెం సర్ది, తలుపు బార్లా తీసి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది. వీధంతా అన్నలూ తమ్ముళ్ళూ వస్తూ పోతూ ఉండేవారు. మా చిన్నమ్మాయి ఒకసారి పలకరించడానికి వెళితే, "ఆ పక్కకి కూర్చో అమ్మా, దారి కనపడాలి," అందట. మిట్టమధ్యాహ్నం తలుపు వేసుకునేది. ఏడాదికి రెండు చొప్పున ఐదేళ్ళలో పది పండగలు. బిస్కెట్లు సెలవులయ్యాక బడి పిల్లలకి వచ్చేవి. నాయిఫ్ పిల్లలు కూడా వాటిలోంచే తినేవారు, అత్త చేతివని తెలిసే.

ఐదేళ్ళయ్యాక మళ్ళీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఈసారి ఆమె జాబితా గెలవడం ఖాయమని అబూ సఖర్ కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాడు ఊరుకుంటాడా? సోమవారం సాయంత్రం తనే నాయిఫ్ అరుగు ఎక్కాడు. ఐదేళ్ళ తర్వాత అదే మొదటిసారి. గోడకి అటుపక్క నుంచి విన్నవాళ్ళు నాకు చెప్పారు:

"ఆవిడ ఎవరి మాటా వినదు నాయిఫ్, నీ మాట వింటుంది. నువ్వే వెళ్ళి అడుగు. కప్పు ముందు పెట్టి అడుగు. ఆవిడ తప్పుకుంటే దివాన్‌లో నీ చోటు నీది. నా పక్కన."

ఏడు పదుల వయసుకి గాని ఆయనకి తెలిసి రాలేదు, అడగాల్సింది ఎవరినో.

మర్నాడు మంగళవారం. తొమ్మిదిన్నరకి నేను కొత్త పోస్టర్ల కట్ట చంకన పెట్టుకుని పంచాయతీకి వెళ్ళాను. ఈసారి కొత్త ఫోటో, తలంతా నెరిసింది. కింద నా పేరు కూడా వేశాను, కాస్త పెద్దగానే. ఆమె కూజాలో కాఫీ పోస్తోంది. సభ్యులు ఇంకా రాలేదు. జుహ్దీ కుర్చీలు సర్దుతున్నాడు.

గుమ్మంలో నాయిఫ్ నిలబడ్డాడు. చేతిలో కర్ర. మనిషి సగమయ్యాడు.

జుహ్దీ చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది. ఆమె కూజా కింద పెట్టలేదు. ఒక కప్పు తీసుకుని నింపింది. నాయిఫ్ వచ్చి బల్లకి ఇవతల కూర్చుని కప్పు అందుకున్నాడు. దాన్ని నోటి దగ్గరికి తీసుకెళ్ళలేదు. బల్లమీద, సరిగ్గా ఆమె ముందు పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒక ఆడదాని ముందు ఎవరైనా అలా కప్పు పెట్టడం నేను పుట్టి ఎరగను.

"అక్కా," అన్నాడు. మళ్ళీ అన్నాడు, "అక్కా, నేను..."

"తాగు," అంది వస్ఫియా.

అతను తలెత్తాడు. "ఇంకా అడగలేదు."

"తాగు నాయిఫ్. చల్లారుతోంది."

"ఏమడగడానికొచ్చానో తెలుసా నీకు?"

"నిన్న నీ అరుగు ఎవరెక్కారో ఊరందరికీ తెలుసు."

"తెలిసీ ఇచ్చేస్తున్నావా?"

"నన్నడిగావుగా," అంది. "నన్నే అడిగావు."

నా చంకలో కట్ట బరువెక్కింది. పన్నెండేళ్ళు ఆ గదిలో కూర్చుని సంపాదించుకున్నది, ఆ పేరు, ఆ మొహం, ఒక్క మాటకి అటు తోసేసింది. ఆ పోస్టర్లని నేను ఆ పూటే చింపుకోవాలి. వద్దని అరవాలనిపించింది. అరవడానికి నేనెవరిని?

నాయిఫ్ కప్పు వైపు చూశాడు. ఆ తర్వాత తీసుకుని, మూడు గుటకల్లో తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"శుక్రవారం సమీరా మక్లూబా చేస్తోంది," అన్నాడు. సమీరా అతని భార్య. మక్లూబా మేము గిన్నె బోర్లించి వడ్డించే అన్నం. "వంకాయలతో. నీకు ఇష్టం కదా. భోజనానికి రావాలి. అదే అడగడానికొచ్చాను."

జుహ్దీ చేతిలో కుర్చీ కింద పెట్టాడు.

"అంతేనా?" అంది ఆమె.

"అంతే. ఇంకేముంది?" అని కర్రని బల్లకి ఆనించాడు. "అబూ సఖర్‌కి నేను చెప్పుకుంటా. ఆ చోటు లేకుండా ఐదేళ్ళు బతికాను, చావలేదు."

చాలనుకుంటే నాయిఫ్ కప్పు అటూ ఇటూ ఊపాలి. ఊపలేదు, ముందుకి చాచాడు. ఆమె మళ్ళీ పోసింది, కాస్త బల్లమీద ఒలికింది.

నేను పోస్టర్ల కట్ట కుర్చీలో పెట్టి ఒక కప్పు తీసుకున్నాను. "మిస్, నాకూ పొయ్యండి."

"మీకు షుగరు కదా?"

"తగ్గింది మిస్."

"మంచి డాక్టరే దొరికాడు," అంది. ఆ నిటారు చూపులో నీళ్ళు నిలిచాయి. పోసింది. జుహ్దీ కూడా అడగకుండానే కప్పు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఇద్దరం రెండేసి కప్పులు తాగాం. చివరికి మిగిలిన కాస్త తను పోసుకుంది. పదింటికి సభ్యులు వచ్చేసరికి కూజా బోర్లించి ఉంది.

ఆ మంగళవారం నిమ్మచెట్టుకి ఏమీ మిగల్లేదు.